స్లాబు 9 అడుగుల 2 అంగుళాలు, దూలం 8 అడుగుల 1 అంగుళం: చీరల దుకాణానికి సీలింగు ఎలా చేయించాలి?

బెజవాడ వస్త్రం, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. వన్‌టౌన్‌లోని మా పాత భవనం మొదటి అంతస్తులో చీరల దుకాణం తెరవబోతున్నాము. హాలు పొడవు 62 అడుగులు, వెడల్పు 22 అడుగులు. కొత్త టైల్సు పరిచాక నేల నుంచి స్లాబు అడుగు వరకు 9 అడుగుల 2 అంగుళాలు మిగిలింది. హాలుకు అడ్డంగా నాలుగు దూలాలున్నాయి. వాటి అడుగు వరకు 8 అడుగుల 1 అంగుళం మాత్రమే ఉంది. మెట్లు ముందువైపు నుంచి పైకి వస్తాయి. ఇరువైపులా గోడలకు చీరల ర్యాకులు, వాటి ముందు కొనుగోలుదారులు కూర్చొని చూసేందుకు పరుపులు పరచిన గద్దెలు అనుకున్నాము.

పని అడిగిన గుత్తేదారు దూలాల కిందుగా మొత్తం హాలుకు ఒకే మట్టంలో జిప్సం సీలింగు వేసి, అందులో కేసెట్ ఏసీలు (సీలింగులోనే ఇమిడి కిందికి గాలి వదిలేవి) దించి, నాలుగు వైపులా దాపుడు లైటు, అంటే అంచు వెనుక దాచిన దీపాల వెలుగు, పెడదామంటున్నారు. ఆయన లెక్క ప్రకారం చివరికి 7 అడుగుల 8 అంగుళాల ఎత్తు మిగులుతుంది. దూలాలు కనబడితే దుకాణం గోదాములా ఉంటుందని ఆయన వాదన. ఇంట్లో పెద్దవారికి షాండిలియర్ కావాలని కోరిక. అందంగానూ ఉండాలి, తల మీద బరువు పెట్టినట్టు ఉండకూడదు. దయచేసి సలహా ఇవ్వగలరు.

రేఖామాత్రం, హైదరాబాద్

7 అడుగుల 8 అంగుళాలు అంటే సుమారు 2.34 మీటర్లు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం ఏసీ గదిలో నేల నుంచి ఫాల్స్ సీలింగు గానీ ఏసీ డక్టు (చల్లగాలి గొట్టం) గానీ, ఏది మరీ కిందికి ఉంటే దాని అడుగు వరకు, కనీసం 2.4 మీటర్లు ఉండాలి. దూలం కింద కూడా అంతే ఉండాలి. మీ దూలాల అడుగు 2.46 మీటర్ల దగ్గర ఉన్నది కనుక వాటి కింద చట్రం కట్టి, బోర్డు బిగించి, ఏసీ మూతలు సర్దడానికి చాలినంత చోటు లేనే లేదు. గుత్తేదారు ప్రతిపాదనను అందం గురించి ఆలోచించక ముందే పక్కన పెట్టవచ్చు.

ఇక అందం సంగతి. మీ హాలులో ఎత్తు ఎంత అన్న ప్రశ్న కన్నా, సీలింగు కంటికి ఏ కోణంలో కనబడుతుంది అన్న ప్రశ్న ముఖ్యమైనది. నిలబడిన మనిషి కన్ను నేలకు 5 అడుగుల ఎత్తులో ఉంటుందనుకుంటే, ముప్పై అడుగుల దూరంలోని స్లాబు ఆ కంటిగీతకు కేవలం 8 డిగ్రీల పైన ఉంటుంది. అంటే మెట్లెక్కి లోపలికి వచ్చిన మనిషి మీ సీలింగును కింద నుంచి చూడడు, పక్క నుంచి చూస్తాడు. కప్పు మీద చేసిన పువ్వులూ, వలయాలూ, మెట్లు మెట్లుగా దించిన జిప్సం పనీ ఆ కోణంలో నలిగిపోయి గజిబిజి గీతలుగా మిగులుతాయి. అదే చోట నిలువుగా ఉన్న ముఖం, ఉదాహరణకు దూలం పక్క భాగం, పూర్తిగా ఎదురుగా కనబడుతుంది. గుత్తేదారు దాచేయమంటున్న దూలాలే మీ దుకాణంలో అలంకరణకు అనువైన చోటు.

కాబట్టి తక్కువ ఎత్తు గదిలో నేను పాటించే పద్ధతి ఇది: అడ్డంగా పరుచుకునే ఉపరితలాలను నిశ్శబ్దంగా, తెల్లగా, మెరుపు లేకుండా వదిలివేయాలి, అలంకరణనంతా నిలువు ముఖాల మీదకు తేవాలి. మీ దూలాలు స్లాబు కింద 13 అంగుళాలు దిగుతున్నాయి. చీర అంచు వెయ్యడానికి అది చాలినంత వెడల్పు. పెడన కలంకారీ అద్దకంలో కనిపించే లతలను గానీ, మీరు అమ్మే చీరల అంచుల నమూనాను గానీ ఆ ముఖాల మీద రంగులతో నేరుగా వేయించండి.

సాగరతీరం కాఫీ, విశాఖపట్నం

నా అభిప్రాయం వేరు. సీలింగే వద్దు. స్లాబు, దూలాలు, పైపులు, తీగల ట్రేలు అన్నింటికీ ఒకే మట్టినలుపు రంగు కొట్టించి, దాని కింద ట్రాక్ లైట్లు (పొడవాటి పట్టాకు బిగించి తిప్పుకునే దీపాలు) వేలాడదీయండి. మా కాఫీ దుకాణంలో అదే చేశాము. కప్పు ఎక్కడుందో ఎవరికీ పట్టదు. ఖర్చు తక్కువ, మరమ్మతు సులభం, ఒక్క అంగుళం ఎత్తు కూడా పోదు.

కాంతిలెక్క, బెంగళూరు

సాగరతీరం కాఫీ గారూ, మీ దుకాణంలో స్లాబు ఎత్తు ఎంతో తెలియజేయగలరా?

సాగరతీరం కాఫీ, విశాఖపట్నం

పదకొండున్నర అడుగులు.

కాంతిలెక్క, బెంగళూరు

తేడా అక్కడే ఉన్నది. నల్లకప్పు మాయమయ్యేది లైట్ల వరుసకూ స్లాబుకూ మధ్య చీకటి నిలిచేంత చోటు ఉన్నప్పుడే. మీకు లైట్లు ఎనిమిదిన్నర అడుగుల దగ్గర వెలుగుతుంటే పైన మూడు అడుగుల చీకటి మిగులుతుంది. విజయవాడ దుకాణంలో లైట్ల పైన మిగిలేది అంగుళాలు మాత్రమే. అంత దగ్గరి నల్లకప్పు మాయం కాదు, బరువుగా కిందికి దిగుతుంది. 8 అడుగుల దగ్గర నల్లటి దూలం అంటే ప్రతి పన్నెండు అడుగులకూ ఒక గీటు. దుమ్ము, బూజు, తీగల చివరలు అన్నీ చేతికందే దూరంలో కనబడతాయి.

ఇంకొక కారణం సరుకు. మంచి తెల్ల రంగు తన మీద పడిన వెలుగులో ఎనభై శాతానికి పైగా తిరిగి ఇస్తుంది. నలుపు దాదాపు మింగేస్తుంది. తెల్లకప్పు నుంచి తిరిగి వచ్చే ఆ మెత్తని వెలుగు లేకపోతే చీర మడతల్లో గట్టి నీడలు పడతాయి, జరీ ఒకచోట మిరుమిట్లు గొలిపి పక్కనే నల్లబడుతుంది. కాఫీ కప్పుకు ఆ నాటకీయత నప్పుతుంది. పట్టుచీర రంగును పగటి వెలుగుతో పోల్చి చూసుకునే కొనుగోలుదారుకు నప్పదు.

గుత్తేదారు చెప్పిన దాపుడు లైటు గురించి కూడా ఒక మాట. ఎల్‌ఈడీ పట్టీకీ దాని పైనున్న కప్పుకూ మధ్య ఎనిమిది అంగుళాలైనా ఎడం లేకపోతే వెలుగు పరుచుకోదు, అంచు వెంట ఒక తెల్లని గీతగా నిలిచిపోతుంది. తక్కువ ఎత్తు దుకాణాల్లో మూడు నాలుగు అంగుళాల ఎడంతో చేసిన దాపుడు లైట్లన్నీ ఆ కారణంగానే చౌకగా కనబడతాయి. మీకు దానికి అసలు సీలింగు పనే అక్కరలేదు. ర్యాకుల ఎత్తును 7 అడుగుల దగ్గర ఆపి, ర్యాకు పైభాగంలో కనబడకుండా పట్టీని పైకి తిప్పి అమర్చండి. స్లాబుకు రెండు అడుగులకు పైగా ఎడం దొరుకుతుంది. గోడ పైభాగమూ కప్పూ కలిసి వెలుగుతాయి. గోడలు వెలిగిన గది ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎత్తుగా తోస్తుంది.

అద్దాలమేడ, రాజమహేంద్రవరం

మెరిసే సాగుడు పొర (స్ట్రెచ్) సీలింగు ఎందుకు ఆలోచించకూడదు? అంచు పట్టీకి అంగుళం, అంగుళంన్నర మించి ఎత్తు పోదు. అద్దంలా ప్రతిబింబం వచ్చి గది రెట్టింపు ఎత్తు ఉన్నట్టు కనబడుతుంది. నగల దుకాణాల్లో చాలాచోట్ల చూశాను.

రేఖామాత్రం, హైదరాబాద్

ప్రతిబింబం ఆలోచన మంచిదే, దాని స్థానం మారాలి. కప్పు మీద అద్దపు మెరుపు పెడితే లైట్లు రెట్టింపవుతాయి, తలల మీది పాపిళ్లు కనబడతాయి, గద్దె మీద పరచిన ప్రతి చీరా తలకిందులుగా వేలాడుతుంది. కొనేవారి చూపు చీర మీద నిలవదు.

వాస్తుశిల్పి ఆడాల్ఫ్ లూస్ 1908లో వియన్నాలో రూపొందించిన అమెరికన్ బార్ ఈ విషయంలో ఇప్పటికీ గొప్ప పాఠం. అది చాలా ఇరుకైన గది. ఆయన అద్దాలను కప్పుకు పెట్టలేదు. చెక్కపలకలు ముగిసిన చోటు నుంచి కప్పు వరకు, అంటే కూర్చున్నవారి తలలకు పైన, గోడల మీద పెట్టాడు. అందువల్ల ఎవరికీ తమ ముఖం కనబడదు, గళ్లుగళ్లుగా ఉన్న పాలరాతి కప్పు మాత్రం గోడలను దాటి సాగిపోతున్నట్టు ఉంటుంది. మీ హాలులో అందుకు సరైన చోటు వెనుక గోడ. ర్యాకు పైన 7 అడుగుల నుంచి స్లాబు వరకు ఉన్న పట్టీకి అద్దం పెట్టిస్తే దూలాల వరుస ఇంకా లోపలికి సాగుతున్నట్టు కనబడుతుంది. పక్క గోడలకు మాత్రం వద్దు, అక్కడ కాంతిలెక్క గారు చెప్పిన వెలుగు పడాలి.

శీతలమార్గం, హైదరాబాద్

అందరూ కప్పును ఖాళీగా ఉంచమంటున్నారు గానీ ఆ ఏసీలు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పడం లేదు. 62 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు అంటే 1,364 చదరపు అడుగులు. జనం, లైట్లు, మన ఎండలు కలిపి దుకాణాలకు స్థూలంగా 120 నుంచి 150 చదరపు అడుగులకు ఒక టన్ను ఏసీ సామర్థ్యం వేసుకుంటాము. అంటే 9 నుంచి 11 టన్నులు. కచ్చితమైన లెక్క కిటికీలనూ, పైన మరొక అంతస్తు ఉందా లేదా అన్నదాన్నీ చూసి చేయాలి.

డక్టు పెడదామంటే అది నాలుగు దూలాలనూ దాటాలి. దూలాలకు రంధ్రాలు వేయడం గురించి ఆలోచించనే వద్దు. దూలాల కిందుగా తీసుకువెళ్తే పది అంగుళాల డక్టు కూడా ఏడు అడుగుల పైచిలుకు దగ్గరకు దిగుతుంది. ర్యాకుల మీదుగా తీసుకువెళ్లవచ్చు, అక్కడ ఎవరూ నడవరు. కానీ పది టన్నుల గాలికి కావలసిన వెడల్పు ర్యాకు లోతును మించి ముందుకు పొడుచుకు వస్తుంది, కాంతిలెక్క గారి పైవెలుగు దారిని మూసేస్తుంది.

గోడ స్ప్లిట్లు పెట్టాలన్నా గోడల నిండా ర్యాకులే కదా. అందువల్ల కేసెట్లే మేలు, కానీ హాలంతటికీ సీలింగు దించనక్కరలేదు. నాలుగు దూలాలు హాలును ఐదు అరలుగా విడదీస్తున్నాయి. కేసెట్ ఒంటి మందం మోడల్‌ను బట్టి సుమారు 10 నుంచి 12 అంగుళాలు. మీ దూలం 13 అంగుళాలు దిగుతోంది. రెండవ, నాలుగవ అరలను మాత్రమే దూలపు అడుగు మట్టానికి మూసి, ఒక్కొక్క దానిలో రెండేసి కేసెట్లు అమర్చితే సరిపోతుంది. బిగించే కడ్డీలకు, పైపుల వంపులకు చోటు కావాలి కనుక సన్న ఒంటి మోడల్ మాత్రమే తీసుకోండి. ఏసీ నుంచి కారే నీటి పైపును నూరు అడుగులకు ఒక అడుగు వాలుతో దగ్గరి పక్క గోడకు దించేయండి, దూలం దాటించవద్దు.

రేఖామాత్రం, హైదరాబాద్

శీతలమార్గం గారి సూచనతో మొత్తం చిక్కు విడిపోయింది. ఎత్తు, తక్కువ, ఎత్తు, తక్కువ, ఎత్తు. మొదటి, మూడవ, ఐదవ అరల్లో స్లాబుకే లప్పం పట్టించి తెల్ల రంగు వేస్తారు, అక్కడ 9 అడుగుల 2 అంగుళాలు పూర్తిగా దక్కుతుంది. రెండవ, నాలుగవ అరల్లో బోర్డును దూలపు అడుగు కన్నా అర అంగుళం పైకి ఆపి సన్నని నీడగీత వదలాలి. నియమావళి కోరిన 2.4 మీటర్లకు పైనే ఉంటాము.

అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కావాలనే తక్కువ ఎత్తు దారి గుండా మనిషిని నడిపించి, ఆ తరువాత గదిలోకి వదిలేవాడు. ఆ గది అసలు ఎత్తు ఎంతయినా పక్కనున్న తక్కువ వల్ల ఎత్తుగా అనిపిస్తుంది. 13 అంగుళాల తేడా చిన్నదే కానీ 9 అడుగుల దుకాణంలో అది స్పష్టంగా తెలుస్తుంది.

దూలాల అలంకరణ లెక్క కూడా దీనితో తేలింది. రెండవ, నాలుగవ అరలు మూసుకుపోతాయి కనుక లోపలికి వచ్చేవారికి మొదటి దూలం, మూడవ దూలం ముఖాలు కనబడతాయి. తిరిగి వెళ్లేవారికి నాలుగవది, రెండవది కనబడతాయి. అంటే రెండు అంచులు వచ్చేటప్పుడు, రెండు అంచులు వెళ్లేటప్పుడు. నాలుగింటికీ ఒకే నమూనా వేయించాలా, వేర్వేరా అన్నది మీ ఇష్టం. నేనైతే మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, గద్వాల అని నాలుగు ఊళ్ల అంచులు వేయించేవాడిని.

జిప్సం మేస్త్రి, గుంటూరు

ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నవాడిగా ఒక విషయం చెబుతాను. గద్దెల సంగతి ఎవరూ ఎత్తలేదు. గద్దె అడుగున్నర ఎత్తు చేస్తారు. దాని మీద సేల్స్‌మేన్ నిలబడి రెండు చేతులూ పైకెత్తి చీర పరిచి చూపిస్తాడు. దూలం కింద గద్దె పెడితే అతను నిలబడడానికి మిగిలేది 6 అడుగుల 7 అంగుళాలు. చేతులు ఎత్తిన ప్రతిసారీ వేళ్లు సీలింగుకు తగులుతాయి, తెల్ల రంగు మీద మరకలు నెల తిరగకుండా కనబడతాయి.

రేఖామాత్రం, హైదరాబాద్

మేస్త్రి గారు అసలైన చోట వేలు పెట్టారు. వాస్తుశిల్పి ల కార్బూజియే తన కొలతల పద్ధతిలో చేయెత్తి నిలుచున్న మనిషికి 2.26 మీటర్లు లెక్కవేశాడు. అది 1.83 మీటర్ల పొడగరికి వర్తించే లెక్క. మీ ఎత్తైన అరల్లో గద్దె మీద నుంచి స్లాబుకు 2.34 మీటర్లు ఉంటుంది, సరిపోతుంది. తక్కువ అరల్లో గద్దె మీద మిగిలేది 2 మీటర్లు, సరిపోదు. కాబట్టి గద్దెలన్నీ ఒకటి, మూడు, ఐదు అరల్లోనే రావాలి. రెండవ అరలో బిల్లు బల్ల, నాలుగవ అరలో నిలువుటద్దాలు, కుర్చీలు, రెడీమేడ్ బ్లవుజుల స్టాండ్లు పెట్టుకోండి. ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ నడవాలి అన్నది కప్పే చెబుతుంది, వేరే అడ్డుగోడలు అక్కరలేదు.

కరెంటు పోయినప్పటి కోసం సీలింగు ఫ్యాన్లు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఫ్యాను రెక్కలు మనిషి నిలబడే చోటు నుంచి కనీసం 2.3 మీటర్ల ఎత్తున ఉండాలి. స్లాబు నుంచి అడుగు దిగిన ఫ్యాను నేల నుంచి చూస్తే క్షేమమే, గద్దె నుంచి చూస్తే 6 అడుగుల 8 అంగుళాలే. చీర ఎత్తిన చేయి నేరుగా రెక్కల్లోకి పోతుంది. గోడ ఫ్యాన్లు చాలు.

నిప్పుకాపు, దుబాయ్

బట్టల దుకాణం కనుక సీలింగుకు పీవీసీ పలకలు, నురుగు పలకలు, అంటించే వస్త్రం వంటివి వాడవద్దని నా మనవి. దూలాల మీద అంచును రంగుతోనే వేయించమన్న సూచన ఆ దృష్టితో కూడా సరైనది. భవనంలో స్ప్రింక్లర్లు (మంటలార్పే నీటి జల్లులు) ఉంటే ప్రతి అరకూ విడిగా అమర్చాలి, ఎందుకంటే 13 అంగుళాల దూలం పక్క అరలోకి నీటి జల్లును పోనివ్వదు. స్ప్రింక్లర్ తల కింద సరుకుకు 18 అంగుళాల ఖాళీ ఉండాలని స్ప్రింక్లర్ల అమరికకు సంబంధించిన అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 చెబుతుంది. కనుక తక్కువ అరల్లో హాలు మధ్యన ఉంచే స్టాండ్లు ఆరడుగులు మించకుండా చూడండి.

కాంతిలెక్క, బెంగళూరు

ఎత్తైన అరల్లో ట్రాక్‌ను ప్రవేశం వైపున్న దూలానికి దగ్గరగా, మూడు అడుగుల లోపు బిగించండి. మెట్ల నుంచి వచ్చే మనిషికి దూలం అడ్డు వచ్చి లోపలి అరల దీపపు బుగ్గలు కనబడవు, వెలుగు మాత్రమే కనబడుతుంది. బల్లపరుపు సీలింగులో ఈ సౌకర్యం దొరకదు, అక్కడ ముప్పై దీపాలూ ఒక్కసారిగా కంట్లో పడతాయి. రంగుల నిజస్వరూపం కోసం సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సూచిక) 90కి తగ్గని దీపాలు తీసుకోండి, వెలుగు ఛాయ 4000 కెల్విన్ దగ్గర అన్నీ ఒకే రకంగా ఉండాలి. గద్దె మీద ఒక్క దీపం నిట్టనిలువుగా పడితే సేల్స్‌మేన్ నీడ చీర మీదే పడుతుంది. రెండు పక్కల నుంచి ఏటవాలుగా పడేలా తిప్పండి.

షాండిలియర్ విషయంలో ఇంట్లో పెద్దవారిని నిరాశపరచవలసిన పని లేదు. హాలులో దానికి చోటు లేదు గానీ మెట్ల బావి రెండంతస్తుల ఎత్తు ఉంటుంది కదా, అక్కడ వేలాడదీయండి. కింద వీధి నుంచి కూడా కనబడుతుంది.

సాగరతీరం కాఫీ, విశాఖపట్నం

నలుపు వద్దన్న కారణాలు ఒప్పుకుంటున్నాను. అయితే శబ్దం సంగతి చూశారా? మా దగ్గర సీలింగు లేకపోవడం వల్ల గిన్నెల చప్పుడు భరించలేక చివరికి స్లాబుకు 25 మిల్లీమీటర్ల చెక్కపీచు పలకలు బిగించవలసి వచ్చింది.

రేఖామాత్రం, హైదరాబాద్

మీ దుకాణంలో గట్టి నేల, గట్టి బల్లలు, గట్టి కప్పు ఉన్నాయి. చీరల దుకాణంలో గోడల నిండా వస్త్రమే ఉంటుంది, గద్దెల మీద పరుపులున్నాయి. అక్కడ వేరే శబ్దశోషణ అవసరం రాదు.

ఎత్తు గురించి మరీ బెంగపడేవారికి ఒక మాట. జోన్ మేయర్స్ లెవీ, జూలియెట్ ఝూ అనే పరిశోధకులు 2007లో 8 అడుగుల, 10 అడుగుల కప్పుల మధ్య తేడాను పరిశీలించారు. ఎత్తైన కప్పు కింద మనుషులు విడివిడి విషయాలను కలిపి, విశాలంగా ఆలోచించారు. తక్కువ కప్పు కింద ఒక్కొక్క వస్తువు వివరాల మీద దృష్టి పెట్టారు. దీని మీద దుకాణం కట్టేయమని అనను గానీ, అంచు జరీని వేలితో తడిమి చూసే కొనుగోలుకు తక్కువ ఎత్తు శత్రువు కాదేమో.

బెజవాడ వస్త్రం, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. ఐదు అరల పద్ధతికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, షాండిలియర్ మెట్ల బావికి వెళ్లింది. గుత్తేదారు మాత్రం ఎత్తైన అరల్లో కూడా జిప్సం బోర్డు వేయకపోతే స్లాబు ఎగుడుదిగుళ్లు కనబడతాయంటున్నారు. అది నిజమేనా, లేక చదరపు అడుగుల లెక్క తగ్గుతుందని అంటున్నారా?

జిప్సం మేస్త్రి, గుంటూరు

రెండూ నిజమే. సీలింగు పనికి చదరపు అడుగుకు డబ్బు వస్తుంది కాబట్టి ఎవరైనా అలాగే అంటారు. అయితే ర్యాకు పైనుంచి స్లాబు మీదకు పడే వెలుగు ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది, అందులో రూపాయి మందం ఉబ్బు కూడా నీడ వేస్తుంది. అందుకు బోర్డు మందు కాదు, బోర్డు అతుకులు కూడా ఆ వెలుగులో అలాగే బయటపడతాయి. మొదటి లప్పం ఆరాక ర్యాకు ఎత్తులో ఒక ఎల్‌ఈడీ పట్టీని తాత్కాలికంగా వెలిగించి, ఆరడుగుల అల్యూమినియం బద్దను స్లాబుకు ఆనించి చూడమనండి. వెలుగులో నీడ పడిన చోటల్లా పెన్సిలుతో గుర్తుపెట్టి, రెండవ లప్పం ఆ గుర్తుల మీద లాగించాలి. రంగు తప్పనిసరిగా మెరుపు లేనిదే వేయాలి.

పాత స్లాబు కనుక పైఅంతస్తు స్నానాలగదుల కింద తేమ మరకలు ఉన్నాయేమో ముందే చూసి, ఆ మరమ్మతు అయ్యాకే లప్పం ముట్టించండి. మూసే రెండు అరల్లో ప్రతి కేసెట్ పైపు వైపునా 18 అంగుళాల చదరపు తనిఖీ మూత ఒకటి పెట్టించుకోండి. అది దూలం పక్కన నీడగీతలో కలిసిపోయేలా కోయిస్తే కనబడదు. ఆ మూత వద్దని ఏ గుత్తేదారు అన్నా ఒప్పుకోకండి, నీటి పైపు మూసుకుపోయిన రోజున సీలింగును రంపంతో కోయవలసి వస్తుంది.